మెత్త స్ప్రింగు రాలేదు

శ్రీకాకుళంలో సైకిలు తొక్కేవాళ్లు నలుగురు టీ కొట్టు దగ్గర చేరితే రత్నం కథ చెప్పుకోకుండా గ్లాసులు కింద పెట్టరు. "భావనపాడు పిల్లండీ. షాకులు లేని సైకిలు మీద కొండ దిగి గెలిచింది. పట్టుదల ఉండాలి గానీ ఫోర్కులూ గీర్కులూ ఎందుకు?" అంటారు. ఆ మాట అనేవాడి సైకిలుకి మాత్రం ముందొక షాకు, వెనకొక షాకు ఉంటాయి.

ఆ పిల్ల సైకిలుకి ఆ షాకు లేని ఫోర్కు, అదే ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ల కడ్డీ, బిగించింది నేను. కాబట్టి నా మాట కూడా కాస్త వినండి. రత్నం గెలవలేదు. షాకులు లేకుండా దిగుతానని పంతమూ పట్టలేదు. తనకి సరిపడే షాకు ఫోర్కు కావాలని వారం వారం నా సైకిళ్ల కొట్టుకి వచ్చింది. అది దొరకలేదు. దొరకని సామానుకి ఊళ్లోవాళ్లు పట్టుదల అని పేరు పెట్టుకున్నారు.

ఇప్పుడు నేను కొట్టులో లేను. పానా పట్టీ పట్టీ మణికట్లు అరిగాయి, వాదించీ వాదించీ గొంతు అరిగింది. తాళంచెవులు ఇంకొకరి చేతికిచ్చి ఇంట్లో కూర్చున్నాను. అయినా ఈ వ్యాపారంలోకి కొత్తగా వచ్చేవాళ్లు ఇల్లు వెతుక్కుంటూ వస్తారు. "మేడమ్, మౌంటెన్ బైకుకి ఫోర్కు ఎలా ఎంచాలి?" అంటారు. ఫోనులో వీడియోలన్నీ చూసే వస్తారు. ఫోర్కు ఎన్ని మిల్లీమీటర్లు దిగుతుందో తెలుసు, బిగించి ఉంచే మీట ఉందో లేదో తెలుసు, ఏ రంగుల్లో దొరుకుతుందో తెలుసు. ఎక్కేది ఎవరో మాత్రం తెలీదు. విడివిడిగా అందరికీ చెప్పే ఓపిక లేక ఒకేసారి రాసి పెడుతున్నాను.

ఏటి మోస్తావు?

నా మొదటి యజమాని మా మావగారే. నెల్లిమర్లలో మిల్లుకి వెళ్లే దారిలో సైకిళ్ల కొట్టు నడిపి, తర్వాత శ్రీకాకుళం వచ్చారు. నేను ఫిజిక్సుతో బీఎస్సీ చదివి ఆ ఇంటి కోడలినయ్యాను. మా ఆయనది బ్యాంకు ఉద్యోగం, కొట్టు వాసనే పడదు. "అమ్మాయ్, నువ్వొచ్చి గల్లా దగ్గర కూసో" అన్నారు మావగారు. కూర్చున్నాను. ఊరికే కూర్చోలేక పానా అందుకున్నాను. ఆయన ఏమీ అనలేదు. మా అత్తగారు అన్నారు, అది వేరే పుస్తకం.

కొట్టులోకి ఎవరొచ్చినా మావగారిది ఒకటే ప్రశ్న. "ఏటి మోస్తావు?" బియ్యం బస్తానా, పాల క్యాన్లా, చేపల గంపా, గోనెసంచుల కట్టా? వాళ్లు చెప్పేదాన్ని బట్టి టైరు, ఊచలు, ఫోర్కు అన్నీ ఆయనే తేల్చేవారు. ఆయన దృష్టిలో సైకిలంటే బరువు మోసేది. తొక్కే మనిషి బరువు కింద లెక్క కాదు. మనిషి ఇంజను.

షాకుల సైకిళ్లు మా దగ్గరకి వచ్చిన కొత్తలో మా వీధి పాలాయన ఒకటి మోజుపడి కొన్నాడు. హేండిలుకి చెరో పక్కా క్యాను తగిలించుకుని, మలుపులో ముందు బ్రేకు వేశాడు. సైకిలు దండం పెట్టినట్టు ముందుకి వంగింది. పాలన్నీ రోడ్డు పాలు.

"సావుకారూ, ఇదేటి సైకిలు? బ్రేకేస్తే మోకాళ్లు మడిసేస్తన్నాది!" అని కొట్టు ముందు నిలబడి కేకలేశాడు.

"నువ్వు పాలు మోస్తానని సెప్పేవేటి నాకు?" అన్నారు మావగారు, తగ్గకుండా.

"నేను పాలోడినని నీకు తెల్దా? రెండు పూట్లా మీ ఇంటికే పోస్తన్నాను గదా!"

మావగారు ఆ ఫోర్కు విప్పించి, స్ప్రింగు లేని తిన్నని ఫోర్కు వేసి పంపారు. అడగాల్సిన ప్రశ్న ఏదో ఆయనకి తెలుసు. తెలిసిన మనిషే కదా అని అడగలేదు, అంతే. ఈ వ్యాపారంలో సగం తప్పులు తెలిసినవాళ్ల దగ్గరే జరుగుతాయి.

మావగారి ప్రశ్న మంచిదే గానీ సగమే. బస్తాలు మోసే సైకిలుకి అది చాలు. కొండలెక్కి దిగే సైకిలుకి మిగతా సగం కూడా అడగాలి: నువ్వెంత? స్ప్రింగుకి మీ ఉత్సాహం తెలీదు, మీ కోచ్ తెలీదు, ఫోర్కు మీద రాసిన అంకెలూ తెలీవు. మీద ఎంత బరువు పడుతోందో ఒక్కటే తెలుసు.

కాటా

రత్నం తండ్రి సముద్రం మీదికి వేటకి వెళతాడు. తల్లి గురువులమ్మ చేపలు గంపకెత్తి టెక్కలి వైపు ఊళ్లు తిరిగి అమ్ముతుంది. పిల్ల శ్రీకాకుళంలో డిగ్రీ చదివేది. వాళ్ల కాలేజీలో ఆటలు నేర్పే పీడీ మాస్టారు ఆ పిల్ల సైకిలు తొక్కే తీరు చూసి, కాలేజీ సైకిలొకటి చేతికిచ్చి, కొండ పోటీల్లో పెట్టారు. రాష్ట్ర జట్టులోకి ఎంపికయితే ఆ సర్టిఫికెట్టుతో స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. గురువులమ్మకి పోటీ సంగతి అంతుబట్టలేదు గానీ ఉద్యోగం సంగతి బాగా పట్టింది. కూతురి నెత్తికి గంప ఎక్కకూడదు. ఆమెకి కావలసింది అదొక్కటే.

ఓ రోజు తల్లీకూతుళ్లు ఇద్దరూ సైకిలు తోసుకుంటూ వచ్చారు.

"ఆంటీ, దిగేటప్పుడు సేతులు తిమ్మిరెక్కిపోతన్నాయి. బ్రేకు పట్టుకున్నానో లేదో కూడా తెలీట్లేదు" అంది రత్నం.

సైకిలుకి స్ప్రింగు ఫోర్కే ఉంది. వంద మిల్లీమీటర్లు దిగాలి. చేత్తో నొక్కితే నాకు బాగానే దిగింది. నేనేమీ బక్కదాన్ని కాను.

"నీ బరువెంత?" అన్నాను.

పిల్ల నోరు తెరిచేలోగా తల్లి అందుకుంది. "యాభై అయిదుంటాది."

మన వైపు సంగతి ఒకటి కొత్తవాళ్లు తెలుసుకోవాలి. పెళ్లికెదిగిన పిల్ల బరువు తల్లినడిగితే పెంచి చెబుతుంది. తగ్గించి చెప్పుకునేది టీవీలో వాళ్లు. ఇక్కడ బక్కపిల్ల అంటే ఇంట్లో తిండి లేదంటారు, లేకపోతే ఒంట్లో ఏదో రోగముందంటారు. అందుకని నోటిమాట బరువు నేను నమ్మను. ఫోర్కు కాలికి ఒక రబ్బరు బ్యాండు వేసి, సైకిలెక్కి కదలకుండా కూర్చోమంటాను. మనిషి బరువుకి ఫోర్కు దిగినంత మేరా బ్యాండు పైకి జరుగుతుంది. దిగాక చూస్తే ఎంత దిగిందో అక్కడే కనిపిస్తుంది. వంద దిగే ఫోర్కుకి రెండు వేళ్ల మందమైనా జరగాలి. రత్నం ఎక్కి దిగితే గోరు మందం జరిగింది.

పక్కనే బియ్యం కొట్టు. బస్తాలు తూచే కాటా ఉంది. "రా, ఒకసారి నిలబడు" అని రత్నం చెయ్యి పట్టుకున్నాను. గురువులమ్మ అడ్డం వచ్చేసింది.

"ఏటీ? నా కూతుర్ని కాటా మీదెడతావా? అదేటి సందువ సేపా, తూకమేసి అమ్మడానికి?"

"అమ్మడానికి కాదే తల్లీ, ఫోర్కు కోసం."

"పోర్కు కోసమైతే పోర్కుని తూసుకో, సావుకారమ్మా! బజార్లో ఆడపిల్లని తూసేరంటే రేపు నలుగురూ ఏటనుకుంటారు? దిష్టి తగలదా?"

"దిష్టి తగిలితే మిరపకాయలు తిప్పెయ్యి. కొండ మీద చెయ్యి జారితే ఏం తిప్పుతావు?"

రత్నం మా ఇద్దరినీ పట్టించుకోలేదు. చెప్పులు విప్పేసి వెళ్లి కాటా మీద నిలబడింది. నలభై నాలుగు.

"అమ్మా, మిగతా పదకొండు కేజీలూ ఎక్కడినుంచి తెచ్చేవే?"

"నీ పుస్తకాల సంచీ కలిపి సెప్పేన్లే!" అంది గురువులమ్మ, ఏమాత్రం తగ్గకుండా. తర్వాత నా వైపు చూడకుండా అంది. "ఏటెట్టినా దీనికి ఒంటబట్టదు, సావుకారమ్మా."

డెబ్బై, ఎనభై కేజీల మగవాడు ఎక్కుతాడని లెక్కవేసి చేసిన స్ప్రింగు అది. ఈ పిల్ల కింద అది స్ప్రింగు కాదు, ఇనప కడ్డీ. రాయి తగిలితే ఫోర్కు కదలదు. ఆ దెబ్బంతా మణికట్టుకే. పైగా తిన్నని ఫోర్కు కంటే బరువు ఎక్కువ కాబట్టి కొండెక్కేటప్పుడు అదో శిక్ష.

కోస్తే మెత్తబడదు

మర్నాడు పీడీ మాస్టారు వచ్చారు. మంచి మనిషి. మంచివాళ్లతో వాదించడమే కష్టం, వాళ్లకి కోపం రాదు.

"మేడమ్, నూట ఇరవైది వేసెయ్యండి. విశాఖపట్నం పిల్లలందరికీ అవేనండి."

"వందలో పది కూడా వాడుకోలేని పిల్లకి నూట ఇరవై ఇస్తే మిగతాది ఎవరు వాడతారు మాస్టారూ, మీరా?"

"పోనీ స్ప్రింగు కాస్త కోయించేస్తే? మా మోటార్ సైకిళ్ల మేస్త్రీ రెండు చుట్లు తీసేస్తానన్నాడు. మెత్తబడుతుంది కదా?"

"కోస్తే మెత్తబడదు, గట్టిపడుతుంది."

"తగ్గిస్తే గట్టిపడడమేటండి?"

రబ్బరు బ్యాండొకటి ఆయన చేతికిచ్చి లాగమన్నాను. తర్వాత సగం దగ్గర బిగించి పట్టుకుని, మిగతా సగాన్నే అంత మేరా లాగమన్నాను. అదే రబ్బరు, పొట్టిగా పట్టుకుంటే ఎంత మొండికేస్తుందో ఆయన వేలికే తెలిసింది.

"ఇంటర్లో ఏ గ్రూపు మాస్టారూ?"

"సీఈసీ అండి."

"అదీ సంగతి."

గాలి ఫోర్కులని ఇంకో రకం ఉంటాయి. స్ప్రింగు బదులు లోపల గాలి ఉంటుంది, మనిషి బరువుని బట్టి పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. రత్నానికి కావలసింది నిజానికి అదే. కానీ అప్పటికి మాకు దొరికే వాటన్నిటికీ పైకి వెళ్లే గొట్టం కింద లావు, పైన సన్నం. కాలేజీ సైకిలు ఫ్రేములో అది దూరదు. ఫ్రేము మార్చాలంటే సైకిలే మార్చాలి. కాలేజీని కొత్త సైకిలు అడగమంటే మాస్టారు నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వుకి అర్థం మా వూళ్లో అందరికీ తెలుసు.

ఇక మిగిలింది ఒకటే దారి. ఆ స్ప్రింగు ఫోర్కు చేసే కంపెనీయే మెత్తనిది, మధ్యరకం, గట్టిది అని మూడు స్ప్రింగులు చేస్తుందని విశాఖపట్నంలో డీలర్లకి క్లాసు పెట్టినప్పుడు వాళ్ల ఇంజనీరే చెప్పాడు. మూడూ చేత్తో పట్టుకుని చూశాను. మెత్త స్ప్రింగు విడిగా వస్తే అరగంట పని. కంపెనీ సామాను మా జిల్లాలకు పంపే ఏజెంటు మూర్తికి ఫోను చేశాను.

"వస్తాది మేడమ్, వచ్చే లాటులో పెట్టిస్తాను."

లాటు వచ్చింది. గంటలు వచ్చాయి, సీటు కవర్లు వచ్చాయి. స్ప్రింగు రాలేదు. మళ్లీ చేశాను. మళ్లీ వచ్చే లాటు అన్నాడు. రత్నం ప్రతి వారమూ వచ్చేది. బస్సు దిగి, కొట్టు గుమ్మంలోంచే నా మొహం చూసి, ఏమీ అడగకుండా వెనక్కి తిరిగేది. అడిగితే బాగుండేది.

ఈలోగా పాత ఫోర్కుని బతికించడం ఇంకో పని. భావనపాడు గాలిలో ఉప్పు ఎంత ఇనుముకైనా తుప్పు పట్టిస్తుంది. ఫోర్కు కాళ్లు మెరుస్తూ ఉండాలి, మురికి లోపలికి పోకుండా రబ్బరు రింగులు మూతుల్లా కాపు కాయాలి. నేను వాటిని గుడ్డతో తుడిచి పంపితే, ఓ వారం కాళ్ల నిండా పసుపు ముద్ద పూసి, మీద కుంకం బొట్లు పెట్టి ఉన్న సైకిలు నా ముందుకొచ్చింది. పసుపు ఎండి గరుకు తేలి, ఫోర్కు దిగిన ప్రతిసారీ ఆ రింగుల్ని కొరుకుతోంది.

"గురువులమ్మా, నీ దేవుడికి హేండిలుంది, బెల్లుంది, మడ్‌గార్డు ఉంది. ఈ కాళ్లే దొరికాయా?"

"మెరస్తన్నాయి గదా సావుకారమ్మా! మెరిసేదానికే గదా బొట్టెడతాం."

మళ్లీ గుడ్డ తీసి తుడిచాను. కొట్టులో కొత్తగా కూర్చునేవాళ్లు ఇది గుర్తుంచుకోండి. పసుపు వద్దనకండి, వినరు. ఎక్కడ పూయాలో మీరే ముందు చూపించండి.

తిన్నని ఫోర్కు

ఎంపిక పోటీ దగ్గరికొచ్చేసింది. మూర్తి చివరికి ఫోనులో అసలు సంగతి చెప్పాడు. "మెత్తది ఇండియాకి రాదంట మేడమ్. ఇప్పుడున్న మధ్యరకం ఒకటే."

"ఈ ముక్క మొదటే చెప్పచ్చు కదయ్యా?"

"కనుక్కుంటే గదా మేడమ్ తెలిసింది."

రత్నాన్ని కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. ఈ షాకు నీకు పని చేయదు, మోత బరువు మాత్రం. తీసేసి తిన్నని ఫోర్కు వేస్తే ఎక్కేటప్పుడు తేలిక. వెడల్పు టైరు వేసి గాలి తగ్గిస్తే దెబ్బ కొంత టైరు తింటుంది. కొంతే. పెద్ద రాళ్ల మీద మాత్రం నీ చేతులే షాకులు.

"మీకేటనిపిస్తాది ఆంటీ?" అంది.

"నాకు నచ్చలేదు. కానీ ఉన్నవాటిలో ఇదే నయం."

"ఏసెయ్యండి."

పొడవు కొలిచి వేశాను. ఇక్కడ చాలామంది తొందరపడతారు. షాకు ఫోర్కు తీసి ఏదో పొట్టి తిన్నని ఫోర్కు తగిలిస్తే సైకిలు ముందుకి కూలబడి, దిగుడులో మనిషిని హేండిలు మీదుగా తోస్తుంది. అంతే పొడవున్నది, డిస్కు బ్రేకుకి చోటున్నది వెతికి బిగించాను. గురువులమ్మ సంతోషంగా దానికి పైనుంచి కిందికి పసుపు పూసింది. దీనికి పాడవడానికి రింగులు లేవు.

పోటీ నెల్లిమర్ల అవతల కొండ దారిలో. పీడీ మాస్టారు, గురువులమ్మ, నేను కింద నిలబడ్డాం. ఎక్కుడులో రత్నం అందరికంటే ముందుంది. పొదల మధ్య ఆ పసుపు ఫోర్కు దూరానికి కూడా కనబడుతూనే ఉంది. మాస్టారు ఎగిరి గంతేశారు.

"అదేనా? ముందున్నది మన రత్నమేనా?" అని గురువులమ్మ నా భుజం పట్టి ఊపేసింది.

"అదే."

"మరి అలాగే దిగిపొమ్మని సెప్పు!"

దిగుడు సగందాకా బాగానే వచ్చింది. తర్వాత రాళ్ల వరస ఉంది, గుండ్రాళ్లు, పిడికిలంతవీ తలకాయంతవీ. ఆ వరస మధ్యలో ఆగిపోయింది. పడలేదు. ఆగి, సైకిలు కాళ్ల మధ్య పెట్టుకుని, రెండు చేతులూ గాలిలో విదిలించింది. వేళ్లు నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంది. వెనకవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఆమె పక్కనుంచి వెళ్లారు. వాళ్ల ఫోర్కులు వంగుతున్నాయి, లేస్తున్నాయి. నేను మనుషుల్ని చూడలేదు, వాటినే చూశాను. ఒళ్లున్న పిల్లలు, స్ప్రింగు వాళ్ల మాట వింటోంది.

జట్టులోకి ముగ్గురిని తీసుకున్నారు. రత్నం నాలుగు.

"బ్రేకు పట్టుకున్నాననుకున్నాను ఆంటీ. సూస్తే వేళ్లు తెరుసుకునే ఉన్నాయి. పడిపోతానేమో అని ఆగిపోయేను" అంది నీళ్లు తాగుతూ. ఏడవలేదు. సీసా రెండు అరచేతుల మధ్య నొక్కిపట్టి తాగింది, వేళ్లింకా ముడుచుకోవడం లేదు.

గురువులమ్మ ఆ చేతులు తన చేతుల్లోకి తీసుకుని రుద్దుతూ నన్నడిగింది. "సావుకారమ్మా, నువ్వు సెప్పిన ఆ మెత్తది వచ్చుంటే?"

తెలీదన్నాను. ఇప్పటికీ తెలీదు. వచ్చి ఉన్నా ఓడిపోయేదేమో. కానీ అప్పుడు ఆ ఓటమి రత్నానిది అయ్యుండేది. ఇది తనది కాదు.

ఆ సాయంత్రం పీడీ మాస్టారు నలుగురి ముందు చెప్పిన మాట నాకు ఇంకా మింగుడు పడదు. "షాకులు లేని సైకిలు మీద నాలుగో స్థానం! ఎంత పట్టుదల!" ఆయన ప్రేమతోనే అన్నారు. ఆ ప్రేమ ఊళ్లో తిరిగి తిరిగి నాలుగో స్థానాన్ని గెలుపు చేసింది. ఎవరి పట్టుదలనైనా మెచ్చుకునేముందు వాళ్లకి ఏ సామాను అందలేదో ఒకసారి అడగండి. మెచ్చుకోవడం ఎలాగూ ఖర్చు లేని పని.

డిమాండు

మీరు అడిగినదానికి జవాబు ఇంతే. ఫోర్కు ఎంచేముందు మనిషిని ఎంచండి. నోటిమాట నమ్మకుండా తూచండి, తిట్లు తినండి. ఎక్కడ తొక్కుతారో అడగండి. ఇంటి గాలిలో ఉప్పుందా, కడిగేదెవరు, ఎలా కడుగుతారు, అడగండి. మిల్లీమీటర్లు ఆఖర్న. పనిచేయని షాకు కంటే షాకు లేకపోవడం నయం, కానీ అది మందు కాదు, గత్యంతరం. ఆ రెండిటికీ తేడా కొన్నవాళ్లకి చెప్పకపోతే మీరు చేసేది వ్యాపారం కాదు.

రత్నం ఇప్పుడు టెక్కలిలో ఒక ప్రైవేటు బడిలో ఆటలు నేర్పుతోంది. జీతం ఒక నెల వస్తుంది, ఒక నెల రాదు. సెలవు రోజుల్లో తల్లితో పాటు గంప ఎత్తుకుంటుంది. ఇది టీ కొట్టు కథలో ఉండదు.

కొట్టు అప్పగించే ముందు మూర్తి ఆఖరిసారి వచ్చాడు, కంపెనీ క్యాలెండరు పట్టుకుని. కుర్చీ వేసి, టీ ఇచ్చి, అడిగాను.

"ఆ మెత్త స్ప్రింగు ఎందుకు తెప్పించరయ్యా?"

"డిమాండు లేదు మేడమ్."

"నేనడిగాను కదా?"

"మీరొక్కరే గదా మేడమ్ అడిగేరు."

"లేని వస్తువు ఇంకెవరడుగుతారు? బక్కపిల్లలు సైకిలెక్కి, చేతులు నొప్పెట్టి, తమ వల్ల కాదనుకుని దిగిపోతారు. వాళ్లొచ్చి నీకు స్ప్రింగు పేరు చెప్పి ఆర్డరిస్తారా?"

మూర్తి నవ్వాడు. పాపం, అతను మాత్రం ఏం చేస్తాడు, అతనికి పైనుంచి వచ్చిన మాటే అతను కిందికి పంపాడు. అతని పైవాడూ అదే అంటాడు. ఆ మాట వెంట మెట్లెక్కుతూ పోతే, అది ఎక్కడో ఒక మనిషి దగ్గర మొదలయ్యే ఉంటుంది. ఆ మనిషి దొరికితే వాదించాలని లేదు, ఆ ఓపిక అయిపోయింది. ఒక్కటే అడగాలి. ఈ దేశానికి మధ్యరకం చాలని తేల్చిన రోజు, నువ్వు ఎవరిని ఎక్కించి చూశావు?